ముప్ఫై గుంజల కంచె

అమ్మడు వాళ్ళమ్మకి కోపం అంత తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం ముందు గిన్నెలకి తెలుస్తుంది. ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు స్టాండులో పడుతున్న చప్పుడు విని, ముందు గదిలో పేపరు చదువుకుంటున్న భర్త తలెత్తి "ఏమైంది?" అన్నాడు. జవాబుగా ఇంకో గిన్నె పడింది. అడగడమే పొరపాటని తెలుసుకుని మళ్ళీ పేపర్లో తల దూర్చేశాడు.

జరిగిందేమిటంటే, గంట క్రితం అమ్మడు ట్యూషన్ నుంచి రెండేసి మెట్లు ఎక్కుతూ ఇంటికొచ్చింది.

"అమ్మా! నలభై! నలభయ్యో ర్యాంకు! మొదటి బ్యాచ్!"

వీధి చివర మందుల షాపు మేడ మీద ఉంది ఆ ట్యూషన్. ఎనిమిదో తరగతి పిల్లలే నూట ఇరవై మంది. సంవత్సరానికి ఒకసారి పెద్ద పరీక్ష పెడతారు. మొదటి నలభై మందీ మొదటి బ్యాచ్‌లో కూర్చుంటారు. వాళ్ళకి మాస్టారే స్వయంగా చెప్తాడు. మిగిలిన ఎనభై మందీ రెండో బ్యాచ్. అక్కడ చిన్న టీచరు బోర్డు మీద లెక్క చేసి చూపిస్తే, దాన్ని పదిసార్లు చూసి రాయాలి. రాసిన పుస్తకాల బరువుకే ఆ పిల్లల భుజాలు ఒకవైపు వంగిపోయాయని వీధిలో వేళాకోళం.

నలభై కుర్చీల్లో నలభయ్యో కుర్చీ. తోక కుర్చీయే అయినా కుర్చీ కుర్చీయే. ఆమె కూతురి తల నిమిరి, "సంతకం పెట్టాలి కదూ, ఇలా తే" అని జవాబు పత్రం అందుకుంది. యాభైకి నలభై మూడు. చేతులు కొంగుకి తుడుచుకుని ఒక్కో పేజీ తిప్పింది. చివరి ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"త్రిభుజాకారంలో ఉన్న స్థలం భుజాలు 25 మీటర్లు, 35 మీటర్లు, 90 మీటర్లు. దాని చుట్టూ 5 మీటర్లకు ఒక గుంజ చొప్పున పాతి కంచె వేయాలంటే ఎన్ని గుంజలు కావాలి?"

కింద అమ్మడి గుండ్రటి అక్షరాలు. ఇచ్చినవి. కావలసినవి. సూత్రం. లెక్క. జవాబు: 30 గుంజలు. జవాబు కింద స్కేలుతో రెండు గీతలు. పక్కన ఎర్ర సిరాతో అయిదుకి అయిదు.

ఆ ప్రశ్నపత్రం టైపు చేసింది ఆమే. పెళ్ళికి ముందు కాలేజీలో లెక్కలు చదువుకుంది. ఆ తరవాత చదువు పోపుల డబ్బా వెనక్కి వెళ్ళిపోయినా, వర్గమూలాలూ భిన్నాలూ తప్పు లేకుండా కొట్టడం వచ్చని మూడేళ్ళుగా మాస్టారు తన రాతప్రతి ఆమెకే పంపుతున్నాడు. వీధిలో సగంమందికి ఆమె అమ్మడు వాళ్ళమ్మ, మిగతా సగానికి టైపింగ్ మేడమ్. ప్రశ్నలతోపాటు జవాబుల పట్టీ కూడా ఆమే కొడుతుంది. ఆ పట్టీలో ఈ లెక్కకి ఇరవై అని కొట్టినట్టు బాగా గుర్తు.

బీరువా మీది ఫైలు దింపి రాతప్రతి తీసింది. మాస్టారి చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. అయినా చూస్తే తెలుస్తోంది. అది 90 కాదు, 40. నాలుగు తలకాయ కొంచెం మూసుకుపోయింది, అంతే. ఇరవై అయిదూ ముప్ఫై అయిదూ నలభై కలిపితే వంద. వందకి ఇరవై గుంజలు. ఆమె నలభైని తొంభై చేసింది, పట్టీలో ఇరవైని ఇరవైగానే ఉంచింది. రెంటినీ ఒక్క పూటలోనే కొట్టింది. ఒకదానికొకటి పొసగడం లేదని ఆ పూట తట్టలేదు.

దొంగకు తేలు కుట్టినట్టు కాసేపు అలాగే నిలబడింది. ఆ తరవాతే అసలు సంగతి తలకెక్కింది. తప్పు కొట్టింది తను. మరి వీళ్ళంతా?

"అమ్మడూ, ఈ స్థలం బొమ్మ ఒకసారి గియ్యి."

"ఎందుకమ్మా? అయిదుకి అయిదు వచ్చాయిగా."

"వచ్చాయి. గియ్యి."

"బొమ్మకి మార్కుల్లేవమ్మా. మాస్టారు చెప్పారు, అయిదు మెట్లు, మెట్టుకో మార్కు. బొమ్మ గీస్తూ కూర్చుంటే టైము వేస్టు."

ఆమె పెరటి గుమ్మం దగ్గరున్న పుల్లల చీపురు తెచ్చి మూడు పుల్లలు లాగింది. కూతురి స్కేలు పెట్టి రెండున్నర సెంటీమీటర్ల దగ్గర ఒకటి, మూడున్నర దగ్గర ఒకటి, తొమ్మిది దగ్గర ఒకటి విరిచి భోజనాల బల్ల మీద పడేసింది.

"ఇదే నీ స్థలం. చిన్నది చేశాను. కంచె వెయ్యి."

అమ్మడు పెద్ద పుల్ల అడ్డంగా పెట్టి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ఆనించింది. పై కొసలు కలపబోయింది. అందలేదు. ఇంకా వంచింది. రెండు చిన్న పుల్లలూ పెద్దదాని మీద సాగిలపడ్డాయి తప్ప ఒకదాన్నొకటి తాకలేదు. మధ్యలో బొటనవేలు పట్టేంత సందు.

"కలవట్లేదు" అంది అమ్మడు, పుల్లలదే తప్పన్నట్టు.

"కలవవు. రెండు చిన్నవీ కలిపినా పెద్దదంత లేవు. మరి ముప్ఫై గుంజలు ఎక్కడ పాతావే?"

అమ్మడు పుల్లల వంకా జవాబు పత్రం వంకా చూసింది. "మెట్లు కరెక్టే కదమ్మా" అంది. తరవాత ఏదో గుర్తొచ్చి కిసుక్కున నవ్వింది. "అన్నట్టు, ఎందుకమ్మ కూడా ఇలాగే ఏదో గీసిందట. సున్నా! క్లాసంతా ఒకటే నవ్వు. దానికి నలభై వచ్చాయి, నలభై ఒకటో ర్యాంకు. ఆ అయిదూ వచ్చుంటే నా కుర్చీలో అదుండేది. బతికిపోయాను!"

గిన్నెల చప్పుడు మొదలైంది అక్కడే.

ఎందుకమ్మ అంటే వీధి మలుపులో కిటికీ గ్రిల్సూ గేట్లూ చేసే వెల్డింగాయన కూతురు. ప్రతిదానికీ "ఎందుకు సార్?" అంటుందని పిల్లలు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మాస్టారు కూడా అలాగే పిలుస్తున్నాడట.

రాత్రి అన్నం వడ్డిస్తూ భర్తకి మొత్తం చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ విన్నాడు.

"నీ పొరపాటు ఎవరైనా కనిపెట్టారా?"

"ఒక్కత్తి కనిపెట్టింది. దానికి సున్నా వేశారు."

"మరింకేం? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నువ్వెళ్ళి చెప్తే నీ టైపింగ్ పోతుంది, నీ కూతురి కుర్చీ పోతుంది. ఆ పిల్ల వచ్చే ఏడాది రాసుకుంటుందిలే."

"నూట ఇరవై మంది, లేని స్థలానికి కంచె వేసి వచ్చారండీ! ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు! అందులో మన పిల్ల ఉంది. అది మీకేమీ అనిపించడం లేదా?"

"నూట పంతొమ్మిది" అన్నాడాయన. ఆ ఒక్క సవరణతో ఆయన తనకి తెలీకుండానే తగువు ఓడిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె మందుల షాపు పక్క మెట్లెక్కింది. ఒక్కో మెట్టు నిలువు మీదా పెయింటుతో ఒక్కో మాట రాసుంటుంది: ఇచ్చినవి, కావలసినవి, సూత్రం, లెక్క, జవాబు. అయిదు మాటలూ అయిపోగానే మళ్ళీ ఇచ్చినవి. పైన తలుపు మీద పెద్దక్షరాలతో "మెట్టు వదిలితే మార్కు పోతుంది". పిల్లలు ఆయన్ని చాటుగా మెట్ల మాస్టారు అంటారు. ఆయనకీ తెలుసు. గొప్పగానే తీసుకుంటాడు.

రాతప్రతీ ప్రశ్నపత్రమూ పక్కపక్కన పెట్టి, తప్పు తనదని ఒక్క ముక్కలో చెప్పేసింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని రెండూ చూశాడు. చిన్న టీచర్ని పిలిచాడు. పాతికేళ్ళ పిల్ల, రెండు చేతులకీ ఎర్ర సిరా మరకలు.

"ఈ లెక్కకి పట్టీలో ఇరవై ఉంది కదమ్మా? ముప్ఫైకి మార్కులెలా వేశావు?"

"మొదటి పది పేపర్లు తప్పే కొట్టాను సార్. అందరికీ ముప్ఫయ్యే వస్తోంది. అందరూ ఒకేలా రాశారంటే పట్టీలోనే తప్పుందనుకుని, నేనూ ఓసారి చేసి చూశాను. నాకూ ముప్ఫయ్యే వచ్చింది. పట్టీ దిద్దేసి, మళ్ళీ మొదట్నుంచీ మార్కులు వేశాను." ఆ పిల్ల గొంతులో భయంలేదు. రెండుసార్లు దిద్దిన అలసట మాత్రం ఉంది.

"బొమ్మ గీశావా?"

"దేనికి సార్?"

మాస్టారు ఒక నిమిషం ఆలోచించాడు. ఆయన మొహం చూస్తుంటే ఇప్పుడు సిగ్గుపడతాడని ఆమె అనుకుంది. ఆయన మొహం విప్పారింది.

"చూశారా మేడమ్! అదీ మా పిల్లల తయారీ! తప్పు లెక్క ఇచ్చినా ఒక్క మెట్టు జారకుండా జవాబు రాబట్టారు!"

ఆమె ప్రశ్నపత్రంలో ఆ 90 మీద వేలు పెట్టింది.

"మాస్టారూ, ఆ స్థలం భూమ్మీద లేదు."

"పరీక్షలో ఉంది కదా."

"ఆ వెల్డింగాయన కూతురు లేదని రాసింది. అది నిజం."

"ఏది, చూద్దాం." క్లాసుకి చూపించడానికి తన దగ్గరే ఉంచుకున్న ఆ పిల్ల పత్రం తీశాడు. చివరి పేజీలో 30 అని రాసి, అడ్డంగా కొట్టేసి ఉంది. దాని కింద స్కేలుతో గీసిన బొమ్మ. పొడుగాటి గీత, రెండు చివర్ల నుంచీ లేచి మధ్యలో ఆగిపోయిన రెండు పొట్టి గీతలు. పక్కన "ఇవి కలవడం లేదు. ఈ స్థలం ఉండదు" అని ఒకే వాక్యం. ఎర్ర సిరాతో "మెట్లు ఏవి?" అనీ, ఒక గుండు సున్నా.

"ఇందులో సూత్రం రాసిందా? లేదు. నిరూపించిందా? లేదు. బొమ్మ గీసి ఊరుకుంటే మార్కులెలా వేస్తాం? రేపు అసలు పరీక్షలో పేపరు దిద్దేవాడికి ఓపికుంటుందా ఈ బొమ్మలు చూసేందుకు? నేను పిల్లల్ని బతకనేర్చినవాళ్ళని చేస్తున్నాను మేడమ్. పదకొండేళ్ళుగా నా పిల్లలు ఫెయిలవలేదు." ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెకి మరీ మండింది. తరవాత గొంతు తగ్గించి అన్నాడు, "ఇంకో సంగతి. నలభయ్యో ర్యాంకు మీ అమ్మాయే కదూ? లిస్టు మారిస్తే ఎవరు దిగుతారో లెక్క చూసుకున్నారా?"

"చూసుకున్నాను."

"అయితే ఇంటికెళ్ళి ఇంకోసారి చూసుకోండి. పొరపాటు మీది. నేనేమీ అనడం లేదు. మీరూ ఏమీ అనకండి."

ఆమె మెట్లు దిగింది. జవాబు, లెక్క, సూత్రం, కావలసినవి, ఇచ్చినవి. ఒక్కో మాట మీదా కాలు కొంచెం గట్టిగానే పడింది.

కోపం ఆయన మీద ఒక్కడి మీదే అయితే తేలికగా ఉండేది. ఇంటిదాకా వెళ్ళేలోపు సగం దారిలోనే అది తన మీదకి తిరిగింది. కాలేజీలో లెక్కలు చదువుకున్నది తను. త్రిభుజంలో ఏ రెండు భుజాలు కలిపినా మూడోదానికన్నా ఎక్కువుండాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నది తను. వేళ్ళు కొడుతుంటే కళ్ళు కుక్కరు మీద పెట్టి, తొంభై అని కొట్టిందీ తనే. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఇంటి గేటు దాకా వచ్చి, తెరవకుండా వెనక్కి తిరిగి మలుపులోని వెల్డింగ్ షాపుకి నడిచింది.

వెల్డింగాయన నల్ల కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, "రా అక్కా! వంటింటి గ్రిల్లు ఊడిందా?" అన్నాడు.

"గ్రిల్లు బాగుంది తమ్ముడూ. మీ అమ్మాయి గురించి వచ్చాను."

ఆయన మొహం ముడుచుకుంది. "ఏం గొడవ చేసింది? అది నోరు ఊరుకోదక్కా. నిన్న సున్నా అని విని రెండు దెబ్బలు వేశాను కూడా. రెండో బ్యాచ్‌లో పడింది. చూసి పదిసార్లు రాసేదానికి అక్కడికెందుకు, ఇంట్లో కూర్చుని రాసుకోమన్నాను. వచ్చే వారం నుంచి మాన్పించేస్తున్నా."

ఎందుకమ్మ లోపల, బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పుస్తకం. తలెత్తలేదు.

"తమ్ముడూ, ఒక గిరాకీ వచ్చి, మూడు వైపుల ఫ్రేము కావాలి, ఒకవైపు ఇరవై అయిదు, ఇంకోవైపు ముప్ఫై అయిదు, మూడోవైపు తొంభై అన్నాడనుకో. చేస్తావా?"

ఆయన ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. నవ్వేశాడు. "ముందు ఆ గిరాకీని డాక్టరు దగ్గరికి పంపిస్తానక్కా. ఇరవై అయిదూ ముప్ఫై అయిదూ అతికిస్తేనే అరవై. తొంభైని ఎలా అందుకుంటాయి?"

"నీ కూతురు అదే రాసింది. దానికే సున్నా."

ఆయన చేతిలోని కడ్డీ కింద పెట్టాడు. కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల ఇంకా పుస్తకంలోనే చూస్తోంది. దెబ్బలు తిన్న పిల్లకి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఏం చెప్పాలో ఆయనకి తెలియలేదు. "మరి నిన్న చెప్పలేదేమే?" అన్నాడు.

"చెప్పాను. సున్నాకి కథలొకటా అన్నావు."

అమ్మడు వాళ్ళమ్మ ఆ పిల్ల పక్కన చతికిలబడింది. "ముందు ముప్ఫై అని రాసి ఎందుకు కొట్టేశావమ్మా?"

"అందరిలాగే ముందు రాసేశాను ఆంటీ. టైముంది కదా అని బొమ్మ గీశాను. కలవలేదు. స్కేలు సరిగ్గా పెట్టలేదేమో అని మళ్ళీ గీశాను. మళ్ళీ కలవలేదు. అప్పుడు కొట్టేశాను." పుస్తకం మూసింది. "కొట్టెయ్యకపోతే అయిదు వచ్చేవి. ఇంకెప్పుడూ కొట్టెయ్యను ఆంటీ. బొమ్మ కూడా గీయను."

కసి లేదు ఆ గొంతులో. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

ఆ మాటతో ఆమె లోపల ఇంకా కొంచెం మిగిలున్న భయం కాస్తా మాడిపోయింది. నూట పంతొమ్మిది మంది ఆలోచించకపోవడం ఒక ఎత్తు. ఆలోచించిన ఒక్కదానికీ ఇంకెప్పుడూ ఆలోచించకూడదని నేర్పి పంపడం ఇంకో ఎత్తు. ఇవాళ వదిలేస్తే రేపటికి నూట ఇరవై పూర్తవుతుంది. భర్త సవరణ కూడా అక్కర్లేదు.

"తమ్ముడూ, మూడు కడ్డీలు కోసిపెట్టు. మీటరుకి సెంటీమీటరు లెక్కన. ఇరవై అయిదు, ముప్ఫై అయిదు, తొంభై."

"ఫ్రేము చెయ్యాలా?" అన్నాడాయన, విషయం అర్థమై.

"చెయ్యగలిగినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్తున్నా. మీరిద్దరూ కూడా రండి."

సాయంత్రం మొదటి బ్యాచ్ మొదలైన పావుగంటకి ముగ్గురూ మెట్లెక్కారు. లోపల నలభై గొంతులు ఒకే రాగంలో "ఇచ్చినవీ... కావలసినవీ..." అంటున్నాయి. చివరి వరసలో, కొత్త కుర్చీలో, కొత్త రిబ్బన్లు కట్టుకుని అమ్మడు. తల్లిని చూడగానే దాని గొంతు ఆగిపోయింది.

"మేడమ్, క్లాసు జరుగుతోంది" అన్నాడు మాస్టారు.

"జరగనివ్వండి మాస్టారూ. నేను తెచ్చిందీ లెక్కే."

మూడు కడ్డీలూ బల్ల మీద వేసింది. ఖంగుమన్న మోతకి ముందు వరస పిల్లలు ఉలిక్కిపడ్డారు.

"చివరి ప్రశ్నకి ముప్ఫై గుంజలు రాసినవాళ్ళు చేతులెత్తండి."

చేతులు గర్వంగా లేచాయి. అమ్మడి చెయ్యి మాత్రం లేవలేదు. అది నేల చూస్తోంది.

"భేష్. ఆ స్థలం ఇదిగో. మొదటి ర్యాంకు ఎవరు? రామ్మా, వచ్చి కంచె వెయ్యి."

రెండు జడల పిల్ల హుషారుగా వచ్చింది. కడ్డీలు పెట్టింది, జరిపింది, అటుదిటు ఇటుదటు మార్చింది. క్లాసంతా మెడలు సాచింది. కాసేపటికి ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. "వంచొచ్చా ఆంటీ?" అంది.

"వంచితే ఇంకా పొట్టివవుతాయే మొద్దూ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నవ్వులు. "ఆ సందులోంచి ఏనుగు దూరిపోతుంది!" అని ఇంకొకరు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

"మెట్లు కరెక్టే కదా ఆంటీ?" అన్నాడొక కళ్ళజోడు పిల్లాడు, నిజంగానే అర్థంకాక.

"మెట్లన్నీ కరెక్టే నాన్నా. ఎక్కి చూస్తే పైన ఇల్లు లేదు."

తరవాత ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మాస్టారు నలభై అని రాశారు. తొంభై అని కొట్టింది నేను. కొట్టేటప్పుడు నేను చూడలేదు. చేసేటప్పుడు మీరు చూడలేదు. దిద్దేటప్పుడు చిన్న టీచరు చూడలేదు. పొద్దున్న చెప్పినా మాస్టారు చూడనన్నారు. తిలా పాపం తలా పిడికెడు. ఇంతమందిలో చూసింది ఒక్కత్తి. దానికి సున్నా వేసి, పేరు పెట్టి నవ్వారు. నా కూతురూ నవ్వింది. మనందరం కలిసి ఒక పిల్లకి ఏం నేర్పామో తెలుసా? కళ్ళు మూసుకోమని నేర్పాం!"

వెల్డింగాయన గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పాలో వద్దో తెలియనట్టు, ఒక చెప్పు విప్పి ఒకటి వేసుకునే ఉన్నాడు. తండ్రి వెనకనుంచి ఎందుకమ్మ తొంగిచూస్తోంది.

మాస్టారు బల్ల దగ్గరికొచ్చాడు. కడ్డీలు ఆయనే ఒకసారి పెట్టి చూశాడు. పొద్దున్న కాగితం మీద చూసిందే అయినా, చేత్తో పట్టుకుని చూస్తున్నప్పుడు ఆయన మొహం వేరుగా ఉంది. నలభై జతల కళ్ళు ఆయన వేళ్ళనే చూస్తున్నాయి. కొంచెంసేపటి తరవాత కడ్డీలు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ ప్రశ్న రద్దు. ఎవరికీ మార్కుల్లేవు."

ఎందుకమ్మకి అయిదు మార్కులు ఆయన ఇవ్వలేదు. నువ్వు రాసింది నిజం అని కూడా అనలేదు. అంతదూరం రాలేకపోయాడు. కానీ రద్దంటే రద్దే. అందరికీ అయిదేసి తగ్గాయి, ఎందుకమ్మకి తగ్గడానికేమీ లేదు. నలభై నలభైగానే ఉంది. నలభై మూడు ముప్ఫై ఎనిమిదయింది. గోడమీది లిస్టులో ఆయనే పెన్నుతో పేర్లు దిద్దాడు. ఆమె పక్కకొచ్చి, పిల్లలకి వినబడకుండా, "నలభై ఒకటి మీ అమ్మాయి. ఇప్పుడు సంతోషమేనా?" అన్నాడు.

"సంతోషానికి రాలేదు మాస్టారూ."

"ప్రశ్నపత్రాలు ఇకనుంచి వేరేచోట కొట్టించుకుంటాం."

"కొట్టించుకోండి. ఎవరు కొట్టినా ఒక్కసారి బొమ్మ గీసి చూసుకోమనండి."

అమ్మడు సంచీ భుజాన వేసుకుని, ఎవర్నీ చూడకుండా వరసలోంచి బయటికొచ్చింది. గుమ్మం దగ్గర ఎందుకమ్మ పక్కకి జరిగి దారిచ్చింది. ఎందుకమ్మ వెళ్ళి అమ్మడు లేచిన కుర్చీలో కూర్చోబోయి, ఆగి, గోడ దగ్గరున్న ఇంకో కుర్చీ ఈడ్చుకుని కూర్చుంది.

ఇంటికి వెళ్ళే దారంతా అమ్మడు తల్లికి నాలుగడుగులు ముందే నడిచింది. గేటు దగ్గర మాత్రం తిరిగింది.

"నువ్వసలు మా అమ్మవేనా? ఊళ్ళోవాళ్ళమ్మలంతా పిల్లలకి మార్కులు కలుపుకుంటారు. నువ్వు తీసేయించావు! అందరిముందూ నవ్వానని చెప్పావు!"

"నవ్వావు కదే."

"అయితే మాత్రం!"

ఆ రాత్రి అమ్మడు అన్నం తినలేదు. మర్నాడు తింది, మాట్లాడలేదు. రెండో బ్యాచ్ నుంచి రోజూ పది లెక్కలు తెచ్చుకుంటోంది, ఒక్కోటి పదిసార్లు రాయాలి. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కలం కాగితంలోంచి అవతలికి దిగేంత గట్టిగా రాస్తోంది. ఆమె కోపమూ తీరలేదు. ఒకే ఇంట్లో రెండు కోపాలు చెరో గదిలో తిరుగుతున్నాయి. మధ్యలో భర్త ఉప్పు అడగడానికి కూడా జంకి చప్పటి పప్పు తింటున్నాడు.

నాలుగో రోజో అయిదో రోజో పెరట్లో ఊడుస్తుంటే చేతిలో చీపురు తేలికగా అనిపించింది. చూస్తే సగానికి సగం పుల్లలు లేవు. ఎలక పనేమో అనుకుంది. బల్ల కింద ఊడిస్తే పొడుగూ పొట్టీ విరుపు ముక్కలు గుప్పెడు వచ్చాయి. కొన్నింటి మీద పెన్నుతో అంకెలు.

ఎత్తి చెత్తబుట్టలో వేయబోయి, కిటికీ గట్టు మీద పెట్టింది.

ఆ సాయంత్రం బియ్యం కడుగుతుంటే అమ్మడు వంటింట్లోకి విసురుగా వచ్చింది. మొహం ముటముటలాడుతోంది. గట్టు మీద మూడు పుల్లలు టపటపా పెట్టింది.

"రెండు, మూడు, అయిదు."

"ఊఁ?"

"ఊఁ ఏంటి? చూడు. రెండూ మూడూ కలిపితే సరిగ్గా అయిదు. కొసలు కలిశాయి. నీ లెక్కప్రకారం కంచె మూసుకుంది. కానీ రెండూ పెద్దదాని మీదే పడుకున్నాయి. లోపల స్థలమే లేదు!" అమ్మడి గొంతు కీచుమంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి, అవి దేనికో అమ్మడికే తెలియదు. "పుస్తకంలో ఇలాంటిది ఇస్తే గుంజలు లెక్కపెట్టాలా, అక్కర్లేదా? చెప్పు!"

ఆమెకి జవాబు తెలుసు. కాలేజీలో రాసింది, మార్కులొచ్చాయి. అది నాలుక చివరిదాకా వచ్చింది. చేతిలో బియ్యం గిన్నె అలాగే ఉంది. నీళ్ళు చుక్కచుక్కగా కాళ్ళ మీద పడుతున్నాయి.

"నువ్వేమనుకుంటున్నావు?" అంది.

"నేనేదో అనుకోవడం కాదు, నువ్వు చెప్పు!"

"చెప్పను."

అమ్మడు కోపంగా పుల్లలు ఏరుకుని, చీపురులోంచి ఇంకో రెండు లాక్కుని, విసవిసా వెళ్ళిపోయింది. బల్ల దగ్గర కుర్చీ ఈడ్చిన చప్పుడు, ఆ వెంటనే పుల్ల విరిచిన చప్పుడు వినిపించాయి.